పక్క మార్చే చేతులు

రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు తెల్లవారకముందే మేలుకుంటుంది. లంకల నుంచి కూరగాయల మూటలు, కడియం నుంచి పూల బుట్టలు దిగుతుంటాయి. అదే వేళకి పల్లెల వైపు వెళ్ళే బస్సుల కోసం కొందరు ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. భుజాన రెగ్జిన్ సంచి, అందులో ఖాళీ టిఫిన్ క్యారేజీ, జడలో నిన్న సాయంత్రం పెట్టుకున్న పూలు. సీటు దొరగ్గానే కళ్ళు మూసుకుంటారు. కండక్టర్లకి వాళ్ళ ఊళ్ళు తెలుసు, స్టేజీ వచ్చాక లేపుతారు. వీళ్ళలో ఆసుపత్రి నర్సులుంటారు. ఆసుపత్రి కాని చోట, అంటే వృద్ధాశ్రమాల్లోనూ మంచానపడ్డవాళ్ళని ఉంచే హోముల్లోనూ రాత్రంతా మేలుకున్నవాళ్ళూ ఉంటారు. నా ప్రయాణం ఈ రెండోవాళ్ళ కోసం.

ఆశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళ గురించి మనం చాలా రాసుకున్నాం. కథలొచ్చాయి, సినిమాలొచ్చాయి, కొడుకులని తిట్టాం, కోడళ్ళని తిట్టాం. ఆ పెద్దవాళ్ళకి ఒళ్ళు తుడిచే మనిషి నిద్రపోయిందా, తిన్నదా, ఆమె నడుము ఎలా ఉంది అన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. అది అడుగుదామనే రాజమండ్రి నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకి, అక్కడ గౌతమి దాటి కోనసీమలోకి, చివరికి వశిష్ఠ దాటి నరసాపురానికి వెళ్ళాలని బయల్దేరాను. దారిలో చూసిన హోముల పేర్లు రాయను. లోపలికి రానిచ్చినవాళ్ళు కోరింది అదొక్కటే.

మొదటి రాత్రి ధవళేశ్వరం వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉన్న ఒక హోమ్‌లో కూర్చున్నాను. మేడ మీద నడవగలిగినవాళ్ళు, కింద మంచం దిగలేనివాళ్ళు. కింద పన్నెండుమంది. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి ఎముక విరిగి మళ్ళీ లేవనివాళ్ళు, మతిమరుపు జబ్బు ముదిరి తమ పేరు కూడా చెప్పలేనివాళ్ళు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఆ పన్నెండుమందికి ఒక సిస్టరు, ఒక ఆయమ్మ.

మంచానపడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం చితికి పుండ్లు పడతాయి. నర్సింగ్‌లో చేరిన ఏడాదే నేర్పే పాఠం ఇది. పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు. రాత్రికి ఐదు సార్లు. పన్నెండుమందికి అరవై సార్లు. సరిగా తిప్పాలంటే చెరోవైపు ఒకరు ఉండాలి. మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా ఒక్కో చుట్టుకి గంట పడుతుంది. అంటే రాత్రిలో దాదాపు సగం దీనికే పోతుంది. మిగిలిన సగంలో డైపర్లు, మూత్రం సంచులు, ముక్కుగొట్టంలోంచి పాలు పొయ్యడం, షుగరు చూడడం, మేడ మీద ఎవరో లేచి తలుపు వెతుక్కుంటుంటే పరుగెత్తడం, రిజిస్టరు రాయడం. నేను చూసిన రాత్రి ఆ సిస్టరు కూర్చున్నది రిజిస్టరు దగ్గరే.

ఆమెకి ముప్ఫై దాటి ఉంటాయి. జీఎన్ఎం చదివింది. ఒక ఆసుపత్రిలో కొన్నాళ్ళు చేసి, పిల్లలు పుట్టాక ఇంటికి దగ్గరని ఇక్కడ చేరింది. ఆయమ్మ రాని రోజు ఏం చేస్తారని అడిగాను. వెంటనే చెప్పలేదు. రెండు గంటల చుట్టు ముగించుకుని వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"రాని రోజున కూడా పుస్తకంలో అన్ని టిక్కులూ ఉంటాయండి. మంచం దగ్గర ఉండవు. అది నాకు తెలుసు, వాళ్ళ వీపులకి తెలుసు. పొద్దున్న డాక్టరుగారు చూసి ఇక్కడ ఎర్రబడిందేంటమ్మా అంటారు. ఏం చెప్పను? ఒక్కదాన్నే తిప్పలేకపోయానంటే మేనేజరుగారి మీద చెప్పినట్టుంటుంది. ఇంటికెళ్ళి పడుకుంటే ఆ ఎర్రటి మచ్చే కనపడుద్దండి."

అమెరికాలో ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన 1984లో నర్సుల వృత్తిధర్మం మీద ఒక పుస్తకం రాశాడు. ఏది చెయ్యాలో స్పష్టంగా తెలిసీ, పనిచేసే చోటి పరిస్థితులు దాన్ని చెయ్యనివ్వనప్పుడు మనిషి పడే వేదనకి ఆయన ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడు. ఆ తర్వాత దాని మీద ఎన్నో దేశాల్లో పరిశోధనలు జరిగాయి. ధవళేశ్వరం దారిలో ఆ సిస్టరు నాలుగు మాటల్లో చెప్పింది అదే. ఆమెని అలసటకన్నా ఆ టిక్కు ఎక్కువ తింటోంది. అలసట ఆదివారం పడుకుంటే కొంతైనా తీరుతుంది. చెయ్యని పని చేసినట్టు తన చేత్తో రాయాల్సి రావడం తీరదు.

ఆయమ్మది ఇంకో బాధ. యాభై దాటిన మనిషి. నడుముకి గుడ్డ బిగించి కట్టుకుని తిరుగుతోంది. మనిషి కింద అడ్డంగా ఒక దుప్పటి మడతపెట్టి వేసి, చెరో అంచూ పట్టుకుని జరిపితే నడుం మీద భారం తగ్గుతుంది. సిస్టరు ఉన్నప్పుడు అలాగే చేస్తారు. లేనప్పుడు ఆయమ్మ చంకల కింద చేతులు వేసి ఎత్తుతుంది. బ్రిటన్‌లో దీనికి 1992లో చేసిన నిబంధనలున్నాయి. ఒంటికి హాని కలిగేలా బరువులెత్తే పనిని వీలైనంత వరకు తప్పించడం యజమాని బాధ్యత. అందుకే అక్కడి హోముల్లో మనిషిని లేపడానికి చిన్న క్రేన్‌లాంటి యంత్రాలు పెడతారు. ఇక్కడ అంత ఖరీదైన యంత్రమే కావాలని నేను అనను. రెండో మనిషి ఉంటే చాలు. ఆ రెండో మనిషి జీతమే హోములు మొదట తగ్గించుకునే ఖర్చు.

పొద్దున్న ధవళేశ్వరం బ్యారేజీ వైపు నడుస్తూ ఈ లెక్కే వేసుకుంటూ ఉన్నాను. ఆర్థర్ కాటన్ 1852కి ఆనకట్ట పూర్తిచేశాక ఈ డెల్టా అన్నపూర్ణ అయింది. పొలం చదువుకి దారితీసింది, చదువు హైదరాబాదుకీ అమెరికాకీ దారితీసింది. ఇప్పుడు ఊళ్ళలో పెద్ద మండువా ఇళ్ళలో ఇద్దరేసి ముసలివాళ్ళు మిగిలారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1.7కి దిగింది. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. 2024లో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనని శాసనసభ ఎత్తేసింది కూడా ఈ భయంతోనే. ఇప్పుడు ఎక్కువమంది పుట్టినా, వాళ్ళు పెద్దవాళ్ళని ఎత్తగలిగే వయసుకి రావడానికి ఇరవయ్యేళ్ళు పడుతుంది. మంచాలు మాత్రం ఇప్పుడే నిండుతున్నాయి.

రాజమండ్రి వదిలేముందు ఇద్దరు తలపుకొచ్చారు. విధవలకి ఆశ్రమం పెట్టి, 1906లో హితకారిణీ సమాజం స్థాపించి ఆస్తంతా దానికి రాసిచ్చిన వీరేశలింగం పంతులుగారు ఒకరు. ఇదే ఊళ్ళో 1909లో పుట్టిన దుర్గాబాయి రెండోవారు. ఈ విషయంలో నాకు దుర్గాబాయిగారే ఎక్కువ దగ్గర. ఆడవాళ్ళ మీద జాలితో ఆమె ఆగలేదు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలిగా, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకి తక్కువ కాలంలో పరీక్ష గట్టెక్కించే కోర్సులు తెప్పించారు. 1958లో మొదలైన ఆ కోర్సుల ఉద్దేశం స్పష్టం: వాళ్ళు నర్సులు, మంత్రసానులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి, చేతికి జీతం రావాలి. ధవళేశ్వరం దారిలో చూసిన ఆయమ్మకి పుండు ఎప్పుడు పడబోతుందో చర్మం రంగు చూసి చెప్పే నేర్పుంది. ఆమె చేతిలో ఒక్క కాగితం లేదు. ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. ఇలాంటివాళ్ళకి తెలిసిన పనికి పరీక్ష పెట్టి పట్టా ఇస్తే జీతం మారుతుంది, మాట విలువ మారుతుంది. అరవై ఏళ్ళకి ముందే వేసిన దారి ఇది.

కడియం నర్సరీలు దాటి రామచంద్రపురం చేరాను. నూరేళ్ళకి పైగా కిందట ఇక్కడ కెనడా బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హ్యాచ్ కుష్ఠు రోగుల కోసం ఆశ్రమం నడిపింది. మన వైపు ఏళ్ళ తరబడి మనుషుల్ని ఉంచుకుని చూసుకున్న పాత చోట్లలో అదొకటి. ఆ రోజుల్లో ఆ జబ్బుకి సరైన మందు లేదు. 1940ల్లో డాప్సోన్ వచ్చేదాకా, 1980ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్స సిఫారసు చేసేదాకా, ఆశ్రమంలో చేరడమంటే చాలామందికి జీవితాంతం ఉండిపోవడమే. కట్లు కట్టేవాళ్ళు కూడా ఏళ్ళకేళ్ళు ఉండిపోయేవారు. ఊరి భయం రోగి దగ్గర ఆగేది కాదు, కట్టు కట్టిన చెయ్యిని కూడా వెలివేసేది.

ఆ భయం పోయింది, వెలి పూర్తిగా పోలేదు. రామచంద్రపురం దగ్గర మాట్లాడిన ఒక ఆయమ్మ తమ పేటలో "ఆసుపత్రిలో పని" అనే చెప్పుకుందట. మలమూత్రాలు ఎత్తే పనని తెలిస్తే కూతురి సంబంధానికి అడ్డమని ఆమె భయం. ఇంకో మాట కూడా దాచకుండా రాయాలి. నేను కలిసిన ఆయమ్మల్లో చాలామంది మాల మాదిగ పేటల నుంచి వచ్చినవాళ్ళు. మంచాల మీద ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పేటల వాళ్ళు పనిచేసిన పొలాల ఆసాములు. ఒక మామ్మగారు ఈ ఆయమ్మ చేత్తో మంచినీళ్ళు పుచ్చుకోరట. సిస్టరు వచ్చేదాకా దాహంతో ఉంటారు. ఒళ్ళు తుడిచేది, డైపరు మార్చేది మాత్రం ఈ ఆయమ్మే. "పోనీలెండి, పెద్దావిడ, ఇప్పుడేం మారతారు" అంది. ఆమె పెద్దమనసుని మెచ్చుకుని నేను ఊరుకోలేను. ఇలాంటిది ఎదురైనప్పుడు సిబ్బంది తరఫున నిలబడి, ఆ ఇంటివాళ్ళతో మాట్లాడడం నడిపేవాళ్ళ పని. ఆ పని అక్కడ ఎవరూ చెయ్యలేదు.

ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని కోటిపల్లి రేవులో పంటు ఎక్కాను. మోటారు సైకిళ్ళ మధ్య, కొబ్బరికాయల బస్తాల మధ్య నర్సింగ్ కాలేజీ పిల్లలు నలుగురు. ఇద్దరు జర్మన్ నేర్చుకుంటున్నారు. బీ2 స్థాయి పరీక్ష అయితే అక్కడ నర్సుగా గుర్తింపుకి దారి పడుతుందని వేళ్ళ మీద లెక్కలు వేస్తున్నారు. ఇక్కడి ముసలివాళ్ళ హోముల్లో చేస్తారా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి మర్యాదగా, "అక్కడ నేర్చుకోడానికేం ఉండదని మా మేడం అన్నారండి" అంది. జర్మనీ ఆమెని పిలుస్తున్నది అక్కడి ముసలివాళ్ళ కోసం కూడా. అక్కడ అది చదువూ శిక్షణా ఉన్న వృత్తి. ముక్తేశ్వరంలో దిగేదాకా ఆ అమ్మాయి మాట నన్ను వదల్లేదు.

జీతం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ట్రెయిన్డ్ నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మీద కేంద్రం ఒక కమిటీ వేసింది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదని, రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. ఈ సిఫారసు ఆసుపత్రులకి. హోమ్‌ని ఆసుపత్రి అనరు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, నూట యాభైమందికి చోటుండే ఆశ్రమాలు ప్రభుత్వం పెట్టవచ్చని అందులో రాశారు. 2019లో తెచ్చిన సవరణ బిల్లులో హోములు రిజిస్టరు కావాలని, కనీస ప్రమాణాలు ఉండాలని చేర్చారు. అది నెగ్గకుండానే 2024లో ఆ లోక్‌సభతో పాటు మురిగిపోయింది. నేను కలిసినవాళ్ళెవరికీ ఇరవై వేలు అందట్లేదు. ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్ళు ఒకరో ఇద్దరో. పదిమందో అంతకు మించో పనిచేసే చోట, జీతం 21,000 దాటనివాళ్ళకి ఈఎస్ఐ ఉండాలి. నడుం విరిగిన రోజున ఆ కార్డు విలువ తెలుస్తుంది.

అమలాపురం దగ్గరి హోమ్‌కి ఆదివారం పూట చేరాను. గేటు లోపల మూడు కార్లున్నాయి. ఎవరి తండ్రిగారి సంవత్సరీకమో, అన్నదానం. పులిహోర, బూరెలు, ఫోటోలు. ఆ కుటుంబం మనసారా పెడుతోంది, అందులో నాకు అనుమానం లేదు. అయితే పన్నెండుకల్లా అందరూ స్నానాలు చేసి, ఇస్త్రీ బట్టలతో వరసగా కూర్చుని ఉండాలి. అందుకోసం ఆయమ్మలు తెల్లవారుజామున నాలుగింటికి లేచారు. మధ్యాహ్నం బూరెలు తిన్న షుగరు వాళ్ళకి సాయంత్రం లెక్కలు చూసేది సిస్టరు. ఆ రోజు వారపు సెలవున్న అమ్మాయిని కూడా "దాతలొస్తున్నారు" అని పిలిపించారు. ఎవరి పుట్టినరోజైనా, ఎవరి తద్దినమైనా ఆదివారమే కలిసొస్తుంది కనక ఆ అమ్మాయికి ఆదివారాలు లేవు.

వరండా గోడ నిండా పాలరాయి పలకలు. ఫలానావారి జ్ఞాపకార్థం గది, ఫ్యాను, ఫ్రిజ్, శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె. డాలస్, న్యూజెర్సీ, సిడ్నీ. ఓపిగ్గా అన్నీ చదివాను. రాత్రి డ్యూటీకి రెండో మనిషి జీతం ఇచ్చినవారి పలక ఒక్కటీ లేదు. మేనేజరుగారు నిజాయితీగా మాట్లాడారు. "వస్తువంటే వెంటనే ఇస్తారండి. జీతాలకంటే మీరు చూసుకోండి అంటారు. నెలనెలా వచ్చే ఖర్చు ఎవరు మాటిస్తారు?" ఆయన చెప్పిన దాంట్లోనే దారి కూడా ఉంది. ఈ వ్యాసం చదివేవాళ్ళలో దాతలుంటే, అన్నదానం మానమని అనను. ఈ ఏడాది మాత్రం ఒక రాత్రి మనిషి జీతం పన్నెండు నెలలకి రాసివ్వండి. మంచాన ఉన్న మీవాళ్ళ వీపుకి బూరెకన్నా అదే మేలు చేస్తుంది.

అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా గన్నవరం వచ్చాను. వైనతేయ మీద అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరే పెట్టుకున్నాం. పక్కనే పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన నలభై తొమ్మిది కమానుల పాతది. నది పైన కాలువ, ఆ నీళ్ళతోనే అవతలి లంకలకి పంట. లంకల గన్నవరంలో సీతమ్మగారు 1909లో పోయేదాకా, ఏ వేళ ఎవరొచ్చినా విస్తరి వేశారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొస్తే, ఇక్కడ ఆకలితో వచ్చేవాళ్ళని వదిలి రానన్నారని చెప్పుకుంటారు. ఇప్పుడు బడి భోజనానికీ ఆమె పేరే.

ఈ డెల్టాలో నేను చూసిన దాదాపు ప్రతి హోమ్‌లోనూ ఆమె పటం ఉంది. మేనేజర్లు కొత్తగా చేరిన పిల్లలకి ఆ పటం చూపించి, ఆమెలా చెయ్యాలమ్మా అంటారు. నేను సీతమ్మగారిని ఎంతో గౌరవిస్తాను, అందుకే ఈ మాట అంటున్నాను. ఆమె తన గాదెలో ధాన్యం తీసి వండి పెట్టింది. ఇల్లు ఆమెది, నిర్ణయం ఆమెది, అలిసిపోతే మరో మనిషిని వంటకి పెట్టుకునే అధికారమూ ఆమెదే. పూటకి ఇంత అని ఒప్పుకుని, రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయికి గాదె లేదు. ఆమె దగ్గరున్నవి తన ఒళ్ళు, తన నిద్ర. వాటిని దానమియ్యమని అడగడానికి ఎవరికీ హక్కు లేదు. సీతమ్మగారి ఇంటికి ఆ అమ్మాయే ఒక రాత్రి వచ్చి ఉంటే, ఆవిడ మొదట అన్నం పెట్టి, పడుకోమని చాప వేసేది.

రాజోలు దాటాక, కొబ్బరితోటల మధ్య ఒక హోమ్. నేను వెళ్ళేసరికి ముందురోజే అక్కడ ఒక మామ్మగారు పోయారు. నాలుగేళ్ళు ఉన్నారట. చూసుకున్న అమ్మాయికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఉంటాయి. ఏఎన్ఎం చేసింది. చివరి ఏడాది మామ్మగారు ఈ అమ్మాయి కలిపి పెడితే తప్ప తినేవారు కాదు. తెల్లవారుజామున ఊపిరి మారడం ముందు కనిపెట్టింది ఈమే. డాక్టరుకి ఫోను చేసింది, ఒళ్ళు తుడిచి చీర కట్టింది, కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టింది. అమెరికాలో ఉన్న కొడుక్కి వీడియో కాల్ పెట్టి ఫోను ఎత్తి పట్టుకుంది. ఆయన ఏడుస్తున్నంతసేపూ పట్టుకునే నిలబడింది. కెమెరా వెనక ఉన్నది కనక ఆమె ముఖం ఎవరికీ కనపడలేదు. బంధువులొచ్చి తీసుకెళ్ళారు. సాయంత్రానికి పరుపు డెటాల్‌తో తుడిచి, అదే మంచం మీదికి భీమవరం నుంచి వచ్చిన కొత్త మనిషిని చేర్చుకున్నారు. చేర్చుకునే కాగితాలు రాసింది కూడా ఈ అమ్మాయే.

"మీరు ఏడ్చారా?" అని అడిగాను.

"బాత్రూంలోకెళ్ళి ట్యాపు తిప్పుకున్నానండి," అంది. "ఏడిస్తే మిగతా మామ్మలు భయపడతారని మేడంగారు ఏడవనివ్వరు. ఇంటికెళితే మా అమ్మ, నీకేమవుద్దని ఏడుస్తున్నావే అంటది. నాకేమవుద్దో నాకూ తెలీట్లేదండి."

లండన్‌లో ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు ఒక బోధనాసుపత్రిలో నర్సుల్ని గమనించి 1960లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ చదవదగ్గది. అక్కడి ఆసుపత్రి నర్సుల మనసు నొచ్చకుండా ఉండడానికని పనిని ముక్కలు చేసింది. ఎవరూ ఒక రోగి దగ్గర ఎక్కువసేపు ఉండరు, రోగిని పేరుతో కాకుండా మంచం నంబరుతోనో చెడిన అవయవంతోనో పిలుస్తారు, భావాలు బయటపెట్టడం తప్పు. అంత చేసీ నర్సుల బాధ తగ్గలేదు, పెరిగింది. పనిలో తృప్తినిచ్చే ఆ కాస్త అనుబంధం కూడా పోయింది. చదువు ముగించకుండా చాలామంది వెళ్ళిపోయారు.

మన హోముల్లో కొందరు మేనేజర్లు ఈ దారే మంచిదనుకుంటున్నారు. ఎక్కువ అలవాటు పడవద్దు, వార్డు మారుస్తూ ఉంటాం అంటారు. గోదావరి పిల్లలకి అది చేతకాదు. వచ్చిన రెండోరోజుకే మామ్మగారూ, తాతగారూ అని వరస కలుపుతారు. ఆ వరసే ముసలివాళ్ళని బతికిస్తోంది. వరస కలిపించుకుని పని చేయించుకుని, మనిషి పోయినప్పుడు మాత్రం నీకేం కాదని అనడం అన్యాయం. కొడుకుకి పదకొండు రోజులు, పెద్దకర్మ, పలకరింపులు ఉన్నాయి. అన్నం పెట్టిన ఈ అమ్మాయికి ఒక పూట సెలవు లేదు.

అదే ప్రాంతంలో మరోచోట వేరే పద్ధతి చూశాను. అక్కడ ఎవరైనా పోతే ఆ రోజు మంచం ఖాళీగా ఉంచుతారు. చివరిదాకా చూసిన సిస్టరుకీ ఆయమ్మకీ మర్నాడు సెలవు. పెద్దకర్మ రోజున, ఆ మనిషికి ఇష్టమైనదేదో వండి, సిబ్బందీ మిగిలిన పెద్దవాళ్ళూ కలిసి కూర్చుని తింటారు. ఆ మనిషి గురించి మాట్లాడుకుంటారు. కోపిష్టి తాతగారైతే ఆయన కోపం గురించే చెప్పుకుంటారట. దీనికి కట్టడాలక్కర్లేదు, దాతలక్కర్లేదు. అక్కడ ఆయమ్మలు ఆరేడేళ్ళుగా ఉన్నారు. రాజోలు దగ్గరి హోమ్‌లో రెండేళ్ళు దాటినవాళ్ళు లేరు.

మలికిపురం మీదుగా సఖినేటిపల్లి రేవుకి వచ్చాను. అవతల ఒడ్డున నరసాపురం. ఆ ఊరి లేసు అల్లికల మీద జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. ఇళ్ళలో కూర్చుని రోజంతా అల్లే ఆడవాళ్ళని పనివాళ్ళుగా కాక గృహిణులుగా లెక్కేయడం వల్ల, వాళ్ళకి కూలి పేరుతో ఎంత తక్కువ ముడుతోందో ఆమె చూపించింది. ఆ లేసు ఊళ్ళ నుంచే తర్వాతి తరం ఆడవాళ్ళు కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళారు.

పంటులో అలాంటావిడే ఒకరు నా పక్కన కూర్చున్నారు. కువైట్‌లో ఏళ్ళ తరబడి పక్షవాతం వచ్చిన ఒక ముసలావిడని చూసి, ఆవిడ పోయాక ఇంటికొచ్చేశారు. తిప్పడం, తినిపించడం, సూదులు, అన్నీ తెలుసు. అరబ్బీ బాగా వచ్చు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళకి చట్టం చేసింది: వారానికి ఒక రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించి పని ఉండకూడదు, ఏడాదికి జీతంతో సెలవులు. మరుసటి ఏడాది కనీస జీతం అరవై దినార్లన్నారు. అమలు ఇల్లిల్లుకీ మారుతుందని ఆవిడే చెప్పారు. మొదట పనిచేసిన ఇంట్లో ఫోను లాక్కున్నారట. రెండో ఇంట్లో శుక్రవారం సెలవు ఇచ్చారట.

"చట్టం ఉందని నాకు వెళ్ళిన చాలా ఏళ్ళకి తెలిసిందండి. తెలిశాక అడిగాను. అడిగితేనే ఇచ్చారు. అడక్కపోతే అక్కడా ఇవ్వరు, ఇక్కడా ఇవ్వరు."

నరసాపురంలో ఒక హోమ్‌లో పనికి రమ్మన్నారట. ముందురోజే వెళ్ళి చూసొచ్చారు. మంచాలు లెక్కపెట్టారు, మంచం దిగలేనివాళ్ళు ఎంతమందో అడిగారు, రాత్రి ఎంతమంది ఉంటారో అడిగారు. ఐదో తారీఖులోపు జీతం బ్యాంకులో పడాలన్నారు. వారపు సెలవు ఏ రోజో గోడ మీద డ్యూటీ చార్టులో రాసి ఉండాలన్నారు. రాత్రి డ్యూటీకి పక్కన రెండో మనిషి ఉండాలన్నారు.

"మరి వాళ్ళేమన్నారు?"

"మొదటి రెంటికీ సరేనన్నారండి. మూడోది కుదరదన్నారు. రెండో మనిషి లేకపోతే నేను పగలే చేస్తాను, రాత్రికి మీరే ఎవర్నన్నా చూసుకోండన్నాను. ట్రస్టు వాళ్ళని అడిగి చెబుతాం, సోమవారం రమ్మన్నారు."

పంటు నరసాపురం రేవుకి తగిలింది. సంచి భుజాన వేసుకుని ఆవిడ లేచారు. సోమవారం వెళతారా అని అడిగాను.

"వెళతానండి. ఇంకో ఇద్దరున్నారు మా ఊళ్ళో, కువైట్ నుంచి వచ్చినోళ్ళే. వాళ్ళనీ తీసుకెళతాను. ముగ్గురం ఒకటే మాట చెబుతాం."